కుడివైపు షాఫ్టు

మా బావకు ఒంట్లో చెవులు తప్ప ఇంకేవీ సరిగ్గా పనిచెయ్యవని మా అక్క అనేది. అది నిజమే. కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని షెడ్డంతా వెతుక్కునే మనిషి. తను అన్నం తిన్నాడో లేదో ఎదుటివాళ్ళను అడిగి తెలుసుకునే మనిషి. కానీ వీధి మూల మీద ఒక కారు తిరిగిందంటే చాలు, దాని ఏ చక్రంలో ఏ జబ్బుందో స్టూలు మీంచి లేవకుండానే చెప్పేసేవాడు. అందుకే అందరూ ఆయన్ను చెవుల మేస్త్రి అంటారు. ఆ పేరంటే ఆయనకు లోలోపల మహా ముచ్చట. పైకి మాత్రం విసుక్కుంటాడు.

నేను ఆయన బావమరిదిని. ఆయన షెడ్డుకు ఎదురుగానే నాది పాత కార్ల సామాన్ల కొట్టు. బావమరిదినన్న చనువుతో ఆయన్ను ఆటపట్టించని రోజు లేదు నాకు. అలాంటివాడు ఈ కథ చెబితే ఎగతాళిగా ఉంటుందేమోనని ఒక జంకు. కానీ నేను తప్ప చెప్పేవాళ్ళు లేరు. ఆయన చెప్పడు. అక్క లేదు.

బావ చేతికి వచ్చేవన్నీ ఒకే రకం కార్లు. ఒకప్పుడు ఏ వీధిలో చూసినా కనబడిన చిట్టి కారు అది. తయారుచెయ్యడం మానేసి చాలా కాలమైంది. ఇప్పుడు దాని మీద పిచ్చి ఉన్నవాళ్ళో, వేరే గతి లేనివాళ్ళో తప్ప ఎవరూ నడపరు. దాన్ని లాగేవి ముందు చక్రాలు. గేరుబాక్సు నుంచి ఎడమ చక్రానికి ఒకటి, కుడి చక్రానికి ఒకటి ఇనప కడ్డీలు వెళతాయి. వాటిని మేము షాఫ్టులంటాం. ఎడమది పొట్టి, కుడిది పొడుగు. షాఫ్టు చివర, చక్రం దగ్గర, మన మోచెయ్యిలా వంగుతూనే తిరిగే కీలు ఉంటుంది. కీలు నిండా గ్రీజు, దానిపైన రబ్బరు తొడుగు. ఆ తొడుగు చిరిగిందా, ఇక దాని పని అయిపోయినట్టే. గ్రీజు బయటికి పోతుంది, దుమ్ము లోపలికి చేరుతుంది, కీల్లోని ఉక్కు గోళీలు అరుగుతాయి. అప్పుడు స్టీరింగు కడదాకా తిప్పినప్పుడల్లా టక్ టక్ టక్ మని మోగుతుంది.

మోగుతున్నది ఎడమదో కుడిదో పోల్చుకోవడంలోనే ఉంది అసలు కిటుకంతా. కారు ఎడమకు తిరిగితే బరువు కుడి చక్రం మీద పడుతుంది. కాబట్టి ఎడమకు తిప్పినప్పుడు మోగితే జబ్బు కుడిదానికి. కొత్తగా పని నేర్చుకునేవాళ్ళు ఎటు తిప్పితే మోగిందో అటే విప్పుతారు. నిక్షేపంలాంటి షాఫ్టును పీకి పారేసి, చెడ్డదాన్ని అలాగే ఉంచేస్తారు. అలాంటి బండి తన దగ్గరికి వస్తే బావకు ఎక్కడ లేని హుషారు. "పంటి నొప్పని వెళ్తే పక్క పన్ను పీకి పంపించారండీ మిమ్మల్ని" అని కారు యజమానికి చెప్పి, ఆ రోజంతా తనలో తనే నవ్వుకునేవాడు.

పనిలో ఆయనకు కొన్ని పట్టింపులున్నాయి. విప్పిన షాఫ్టునూ కొత్త షాఫ్టునూ బల్ల మీద గుడ్డ పరిచి పక్కపక్కన పడుకోబెడతాడు. ఆ కారులోనే పాత రకం, కొత్త రకం అని ఉన్నాయి. చూడ్డానికి కవలల్లా ఉంటాయి, చక్రంలోకి దూరే చివర పళ్ళలో మాత్రం తేడా. బావ కళ్ళు మూసుకుని ఆ పళ్ళ మీద గోరు గీరుతూ పోతాడు. రెండూ ఒకేలా పలికితేనే బిగించడం. పని అయ్యాక పాతదాన్ని కాగితంలో చుట్టి యజమాని చేతిలో పెడతాడు. "మీ నొప్పి మీరే పట్టుకెళ్ళండి, నా షెడ్డులో వద్దు" అంటాడు. నవ్వినా, విసుక్కున్నా తీసుకెళ్ళాల్సిందే.

ఇన్ని పట్టింపులున్న మనిషి ఇంట్లో, పెళ్ళాం కారు టకటకలాడుతూ తిరిగేది.

మా అక్క నర్సు. ఆసుపత్రిలో కూర్చునే నర్సు కాదు, ఇంటింటికీ వెళ్ళి బాలింతలనూ పసిగుడ్లనూ చూసొచ్చే నర్సు. పెళ్ళయిన కొత్తలో బావ తుక్కులో పడున్న ఒక చిట్టి కారును తెచ్చి, లేపి, పసుపు రంగు వేసి ఆమె చేతికిచ్చాడు. అదే కారులో ఆమె ఉద్యోగం మొత్తం నడిచింది. షెడ్డుకూ ఇంటికీ కలిపి ఒకటే గేటు, ఇల్లు షెడ్డు వెనకాలే. నిలువెత్తు రేకు గేటు అది. బందు కుంగిపోయి, కాస్త పైకెత్తి లాగితే తప్ప రాదు. మా వీధిలోకి రావాలంటే మూల మీద స్టీరింగు ఎడమకు కడదాకా తిప్పాలి. అక్కడ కుడి షాఫ్టు మోగేది. అది చెవిన పడగానే బావ చేతిలో ఏముంటే అది కింద పడేసి లేచేవాడు. ఆమె వచ్చేసరికి గేటు బార్లా తెరిచి ఉండేది.

నేను ఊరుకుంటానా. "ఊళ్ళో కార్లకు వైద్యం చేస్తావు, మా అక్క కారు మాత్రం గజ్జెలు కట్టుకుని తిరుగుతోంది. షాఫ్టు నా కొట్లోనే ఉంది, ఎదురుగా. రోడ్డు దాటడానికి బద్ధకమా బావా?" అనేవాణ్ణి.

 జవాబు అక్క చెప్పేది.

"నువ్వు నోర్మూసుకోరా. అది మోగబట్టే ఆయన లేస్తున్నాడు. దాన్ని మార్చేస్తే నేను గేటు ముందు నిలబడి హారన్ కొట్టుకోవాలి. ఇంతవరకూ నా ఇంటి ముందు నేను హారన్ కొట్టలేదు."

అందుకని బావ ఆ షాఫ్టును మార్చలేదు, పాడవనివ్వనూ లేదు. ఏటేటా వానలు వెనకబట్టగానే తొడుగు విప్పి, కీలు కడిగి, కొత్త గ్రీజు కూరి మళ్ళీ కట్టేవాడు. అరుగుదల ముదరకూడదు, చప్పుడు పోకూడదు. అది అంత తేలికైన పని కాదు. ఈ వైభోగం ఏ కస్టమరు బండికీ జరగలేదు. ఇద్దరికీ తల నెరిసింది గానీ ఆ చప్పుడు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఒకరోజు మధ్యాహ్నం దాటాక నా కొట్టుకు ఫోనొచ్చింది. ఏదో ఇంట్లో పసిబిడ్డను తూకం వేస్తూ అక్క కుప్పకూలిందట. బావకు చేసి ఉంటారు, షెడ్డులో మోత నడుస్తుంటే ఆయనకు ఫోను వినబడదు. ఆ చెవులు కార్ల కోసమే. నేను ఆసుపత్రికి పరుగెత్తాను. నేను వెళ్ళేసరికే అయిపోయింది. గుండె, అన్నారు. ఆమెను ఆమె కారులోనే తీసుకొచ్చిన ఆ ఇంటివాళ్ళు సంచీ, తాళాలు నా చేతిలో పెట్టారు.

ఆయనకు ఫోనులో చెప్పడం నా వల్ల కాలేదు. ఎదురుగా చెబుదామని, ఆ కారే వేసుకుని బయల్దేరాను. దారిపొడుగునా ఎలా మొదలుపెట్టాలో నాలో నేను చెప్పుకుంటూ వచ్చాను. మూల దగ్గర స్టీరింగు తిప్పాను. టక్ టక్ టక్ మంది. అప్పుడు తట్టింది నాకు. గేటు అప్పటికే పైకి లేస్తోంది. సాయంత్రపు ఎండ అద్దం మీద పడి లోపలున్నది ఎవరో ఆయనకు కనబడలేదు. గేటు రెండు చేతులతో పట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు.

"ఏంటే, ఇవాళ పొద్దుండగానే వచ్చేశావు" అన్నాడు.

నేను తలుపు తీసుకుని దిగాను. నోరు తెరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. ఆయన గేటు వదిలేశాడు. అది నేలమీద కొట్టుకుని అలా ఊగుతూనే ఉంది.

ఆ తర్వాత చాలాకాలం ఆ కారు షెడ్డు మూల దుప్పటి కింద ఉండిపోయింది. బావ పనిలోకి వచ్చాడు గానీ మాట తగ్గిపోయింది. నేను వేళాకోళమాడితే నవ్వు రాక, తిట్టలేక అదోలా చూసేవాడు. నాకూ ఆ సరదా చచ్చిపోయింది. ఎవరిని నవ్వించడానికి?

మా మేనకోడలికి, అంటే వాళ్ళ ఒక్కగానొక్క కూతురికి, ఊరి అవతల పాల కేంద్రంలో ఉద్యోగం వచ్చింది. వచ్చిన పాలు పరీక్ష చేసే పని. అటు బస్సులు తిరగవు. "అమ్మ కారు తీసుకుంటాను నాన్నా. ఆ చప్పుడొక్కటి పోగొట్టివ్వు" అని అడిగింది.

"షాఫ్టు దొరకడం లేదమ్మా" అన్నాడు బావ. నేను పక్కనే ఉన్నాను. నా అరలో పొట్టిదీ పొడుగుదీ నూనె కాగితంలో చుట్టి పడున్నాయి. ఆ సంగతి ఆయనకు నాకన్నా బాగా తెలుసు. నేను ఆయన మొహం చూసి మింగలేక కక్కలేక ఊరుకున్నాను.

పిల్ల అలాగే కారు వేసుకుని వెళ్ళింది. సాయంత్రం మూల మీద చప్పుడైంది. నేను కొట్లోంచి చూస్తున్నాను. గేటు లేచింది. బావ పరుగులాంటి నడకతో బయటికొచ్చాడు. ఆయన మొహంలో వెలుగు చూసి నాకు భయం వేసింది. కారు దగ్గరికొచ్చింది, అద్దంలోంచి కూతురు కనబడింది, ఆ వెలుగు అలాగే ఆరిపోయింది. బిడ్డ గమనించకుండా తల తిప్పుకుని, "రామ్మా" అన్నాడు.

రోజూ ఇదే తంతు. మూల నుంచి గేటు దాకా కారు వచ్చేంతసేపు ఆయనకు అక్క బతికే ఉండేది. గేటు దగ్గర మళ్ళీ పోయేది. అయినా ఆ కాస్సేపటి కోసం మధ్యాహ్నం నుంచే చెవులు రిక్కించుకుని కూర్చునేవాడు. దాన్ని ఆయన దగ్గర్నుంచి లాక్కోవడానికి నాకు మనసు ఒప్పలేదు. కానీ లాక్కోకపోతే కుదరని రోజూ వచ్చింది. ఆ ఏడు ఆయన గ్రీజు పెట్టలేదు. అక్క పోయాక ఆ కీలును ముట్టుకోనే లేదు. చప్పుడు ముదిరింది, తిన్నగా పోతున్నా కొట్టుకోవడం మొదలైంది.

అలాంటి షాఫ్టు ఎప్పుడో ఒకప్పుడు నడిరోడ్డు మీద విరుగుతుంది. బావ ఎంతమంది కస్టమర్లను దానిమీద చివాట్లేశాడో నేను విన్నాను. "పిల్లలు లేరా మీకు?" అని కూడా అన్నాడు ఒకాయన్ను.

"నాన్నా, స్టీరింగు చేతుల్లో వణుకుతోంది. మార్చివ్వు, లేదంటే వేరే మేస్త్రి దగ్గరికి తీసుకెళ్తా" అంది మేనకోడలు.

వేరే మేస్త్రి అన్న మాట గట్టిగానే తగిలింది. ఆమెకు సెలవున్న రోజు బావ నా కొట్లోకి వచ్చి, ఎప్పట్లాగే అరలోంచి కావలసింది తనే తీసుకుని వెళ్ళాడు. నేను బేరంలో ఉండి పట్టించుకోలేదు. సాయంత్రానికి కారు జాకీ మీంచి దిగింది. హమ్మయ్య అనుకున్నాను. నాకు సంతోషంగానూ లేదు.

మర్నాడు సాయంత్రం మూల మీద అదే చప్పుడు. టక్ టక్ టక్. గేటు లేచింది.

నేను లోపలికి వెళ్ళి అర చూశాను. పొడుగు షాఫ్టు నూనె కాగితంలో అలాగే ఉంది. పొట్టిది లేదు.

రోడ్డు దాటి వెళ్ళాను. మేనకోడలు ఇంట్లోకి పోయేదాకా ఆగి అడిగాను.

"బావా, ఎడమది మార్చావేంటి?"

ఆయన చేతులు తుడుచుకుంటున్నాడు. తుడుచుకుంటూనే ఉన్నాడు.

"ఎడమకు తిప్పితే మోగుతోంది కదా" అన్నాడు.

"ఎవరికి చెప్తున్నావు? ఆ తప్పు చేసినవాళ్ళని చూసి నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకున్నది నువ్వు కాదూ?"

"తెలీదురా. కావాలని చేశానో, మర్చిపోయి చేశానో ఒట్టేసి చెప్పమన్నా చెప్పలేను. కారు కిందకి దూరాను, చేతులు అటే పోయాయి. పళ్ళు చూశాను, సరిపోయాయి. బిగించాను. బిగించేటప్పుడు హాయిగా ఉంది. అంతే తెలుసు నాకు."

"అది విరిగితే?"

"ఆదివారం మార్చేస్తా. ఒక్క ఆదివారం దాకా ఆగు."

బతిమాలుతున్నాడు. పెళ్ళిచూపుల్లో కూడా మా ఇంట్లో ఎవరినీ బతిమాలని మనిషి. పొడుగు షాఫ్టు తెచ్చి ఆయన బల్ల మీద పెట్టి, పిల్లను మాత్రం రేపు నేనే దింపుతానని చెప్పి వచ్చాను. తీరా పొద్దున నేను లేచి వచ్చేసరికి ఆమె కారు వేసుకుని వెళ్ళిపోయింది. చప్పుడు పోకపోయినా, మొన్ననే నాన్న బాగుచేసిన కారు ఆమె లెక్కలో.

తిరిగి వచ్చేటప్పుడు వాన పట్టుకుంది. వంతెన ఎక్కుతుండగా చక్రం దగ్గర పెద్ద చప్పుడైందట. ఆపైన ఎంత తొక్కినా ఇంజను అరుస్తోంది తప్ప కారు కదలదు. కదలకపోవడమేనా, మెల్లగా వెనక్కి జారడం మొదలుపెట్టింది. వెనకాల ఇసుక లారీ. చేతిబ్రేకు గుంజి పట్టుకుని, రెండో చేత్తో ఫోను చేసింది నాకు. "మామయ్యా, నాన్నకి చెప్పకు, కంగారుపడతాడు" అంది మొట్టమొదట.

చెప్పకుండా ఎలా. ఇద్దరం వెళ్ళాం. లారీ డ్రైవరు తన వెనక చక్రాలకు పెట్టుకునే రాయి తెచ్చి కారుకు పెట్టాడు. పిల్ల వానలో తడుస్తూ పిట్టగోడ పక్కన నిలబడి ఉంది. కారు వెనక భాగానికీ లారీ ముందు భాగానికీ మధ్య ఒక మనిషి పక్కకు తిరిగి నిలబడేంత జాగా. బావ అటు చూశాడు. చక్రం వంక చూడలేదు, కింద వంగలేదు. కూతురి దగ్గరికి వెళ్ళి ఆమె రెండు చేతులూ పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటే తడిమి చూశాడు.

"నాకేం కాలేదు నాన్నా" అంది ఆమె.

"నేను మంచిదాన్ని పీకేశానమ్మా. చెడ్డదాన్ని ఉంచేశాను" అన్నాడు. అని అక్కడే, అంతమంది ముందు, భోరున ఏడ్చాడు. అక్క పోయిన రోజు ఆయన ఏడవలేదు. ఆ ఏడుపు కూడా ఇందులోనే వచ్చేసింది.

మేనకోడలు నావైపు చూసింది. ఆమె చెవుల మేస్త్రి కూతురు, ఒకరు విడమరిచి చెప్పాల్సిన పని లేదు. తండ్రి భుజం మీద చెయ్యి వేసి, "నాకూ ఆ చప్పుడంటే ఇష్టమే నాన్నా. చిన్నప్పుడు అది వినే నేను పుస్తకాలు తీసేదాన్ని" అంది. "కానీ నేను కూడా ఇంటికి రావాలి కదా."

మర్నాడు పని మొదలైంది. చక్రం నేలమీద ఉండగానే మధ్య నట్టు వదులు చెయ్యాలి, అది మహా మొండిది. నేను కారులో కూర్చుని బ్రేకు తొక్కి పట్టుకున్నాను, ఆయన పానా కాడకు గొట్టం తొడిగి ఒంటి బరువంతా వేశాడు. నట్టు మూలిగి వదిలింది. కారు లేపి, చక్రం తీసి, చక్రాన్ని కింద పట్టి ఉంచే ఇనప చెయ్యి ఊడదీసి, చక్రం కూర్చునే దిమ్మను పక్కకు వంచాడు. గేరుబాక్సు దగ్గర కడ్డీ పెట్టి తన్నితే షాఫ్టు లోపలి చివర ఊడి వచ్చింది, వెనకాలే నూనె కారింది. ఆయన అరచేత్తో ఆ రంధ్రం మూశాడు, నేను గుడ్డ అందించాను. 

గుడ్డ పరిచి పాతదీ కొత్తదీ పక్కపక్కన పడుకోబెట్టాడు. కళ్ళు మూసుకుని పళ్ళ మీద గోరు గీరాడు. కొత్తదాని మీద ఒకసారి. పాతదాని మీద మళ్ళీ మళ్ళీ. నేను గొంతు సవరించుకున్నాక లేచాడు. కొత్త షాఫ్టు లోపలికి తోశాడు. లోపలి రింగు గాడిలో పడి టక్ మంది, ఒక్కసారి. మామూలుగా అయితే ఆ చప్పుడు వినగానే "కూర్చుంది" అని గట్టిగా అంటాడు. ఆ రోజు అనలేదు.

సాయంత్రం కూతురు కారును ఖాళీ స్థలంలో ఎడమకు గుండ్రంగా, కుడికి గుండ్రంగా తిప్పింది. టైర్ల కింద గులకరాళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. బావ అద్దం పక్కనే నడుస్తూ చివరిదాకా విన్నాడు. తర్వాత పాత షాఫ్టును కాగితంలో చుట్టి, తన పద్ధతి ప్రకారం ఆమెకు ఇవ్వబోయాడు.

"నాకెందుకు నాన్నా, నువ్వే ఉంచుకో" అంది ఆమె.

ఉంచుకున్నాడు. విరిగిన కీలు ముక్కలు తుడిచి, గ్రీజు పెట్టి, మళ్ళీ ఒకచోట కూర్చోబెట్టాడు. మర్నాడు నేను టీ గ్లాసులు పట్టుకుని షెడ్డులోకి వెళ్ళేసరికి స్టూలు మీద కూర్చుని దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. కీలు ఎడమకు వంచి చేత్తో తిప్పుతున్నాడు. అది నూనె పోసినట్టు తిరుగుతోంది.

"మోగదేంట్రా ఇది" అన్నాడు.

"చేతిలో ఎందుకు మోగుతుంది బావా? దాని మీద కారు బరువు పడాలి. నీకు తెలియనిదా?"

"అవును కదా" అన్నాడు. అయినా తిప్పుతూనే ఉన్నాడు.

టీ చల్లారిపోయింది. బయట పొద్దు వాలింది. మేనకోడలు వచ్చే వేళ అయిందని నేనే మరిచిపోయాను. గేటు అవతల హారన్ మోగింది. కీచు గొంతు, పసిపిల్ల కేకలా. మా వీధిలో ఎప్పుడూ వినని గొంతు అది. ఎవరిదో నాక్కూడా ఒక క్షణం అంతుపట్టలేదు. అక్క ఈ గేటు ముందు ఒక్కసారీ కొట్టని హారన్ అది.

హారన్ మళ్ళీ మోగింది. బావ తల ఎత్తి గేటు వైపు చూశాడు, చెవి అటు వంచి విన్నాడు. షాఫ్టు ఒళ్ళోనే ఉంది.

"ఎవర్రా అది?" అని అడిగాడు నన్ను.